తేగు బల్లికి మూడు శాస్త్రీయ నామాలు: మా అమ్మాయి ప్రాజెక్టులో ఏది రాయాలి?

టాంపా_శ్రీను
మేం ఉండేది ఫ్లోరిడాలో, టాంపా పక్కన రివర్‌వ్యూ. మూడు వారాలుగా మా పెరట్లోకి ఒక పెద్ద బల్లి వస్తోంది. తోకతో కలిపి మూడున్నర అడుగులు తేలిగ్గా ఉంటుంది. నల్లటి ఒళ్ళు, దాని మీద తెల్ల చుక్కలు, అడ్డపట్టీలు. దవడలు మాత్రం రెండు బుగ్గల్లో కిళ్ళీ పెట్టుకున్నట్టు ఉబ్బి ఉంటాయి. ఊరి నుంచి వచ్చిన మా నాన్న చూడగానే "ఉడుమురా ఇది" అనేశారు. పక్కింటాయన "తేగు" అన్నాడు.

ఏడో తరగతి చదివే మా అమ్మాయి సైన్స్ ప్రాజెక్టుకి దీన్నే తీసుకుంది. లైబ్రరీ పుస్తకం చూసి "టుపినాంబిస్ మెరియానే" అని రాసింది. టీచరు దాన్ని కొట్టేసి "సాల్వేటర్ మెరియానే" అని దిద్ది రెండు మార్కులు తీసేశారు. సరే కదా అని నేను ఎప్పుడో పాత పుస్తకాల కొట్లో కొన్న 1980ల నాటి పుస్తకం తిరగేస్తే, అచ్చం ఇదే బొమ్మ కింద "టుపినాంబిస్ టెగుయిక్సిన్" అని ఉంది.

బల్లి ఒకటే, పేర్లు మూడు. గందరగోళం ఉండకూడదనే శాస్త్రీయ నామాలు పెడతారని మనకి టెన్త్‌లో చెప్పారు కదా? తెలిసినవాళ్ళు చెప్పండి. రెండు మార్కుల కోసం పిల్ల రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

మిర్చిబజ్జి99
నాన్నగారు చెప్పిందే కరెక్ట్. ఉడుము. టాపిక్ క్లోజ్.

నల్లమల_నవీన్
ఉడుము కాదు. ఉడుములు ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాల్లో ఉంటాయి. తేగులు దక్షిణ అమెరికావి. రెండింటికీ చుట్టరికం చాలా దూరం. తల పైభాగం చూడండి. తేగుకి పెద్ద పెద్ద పలకల్లాంటి పొలుసులుంటాయి. ఉడుముకి తలంతా చిన్న చిన్న గింజల్లా ఉంటాయి, మెడ కూడా పొడుగు. ఇంకో గుర్తు తోక. తేగు ఇంటి బల్లిలా తోక వదిలేసి మళ్ళీ పెంచుకోగలదు. ఉడుముకి తోక పోతే పోయినట్టే.

మిర్చిబజ్జి99
తోక పీకి చూడమంటారా బ్రదర్?

నల్లమల_నవీన్
మీరు పీకండి, మేం ఫొటో తీస్తాం. ఆ దవడలకి కోడిగుడ్డు పెంకు లెక్క కాదు, నత్త చిప్పని కూడా పటపటమని నమిలేస్తుంది.

పాత_జువాలజీ
ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి ఈ పాఠమే చెప్పాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టండి.

శ్రీనుగారూ, మీ అమ్మాయి రాసిందీ టీచరు దిద్దిందీ మీ పాత పుస్తకంలో ఉన్నదీ ఆయా కాలాల్లో చెలామణిలో ఉన్న పేర్లే. శాస్త్రీయ నామం కూడా మన తెలుగు పేరు లాంటిదే. ముందు ఇంటిపేరు, తర్వాత అసలు పేరు. టుపినాంబిస్, సాల్వేటర్ అనేవి ఇంటిపేర్లు, అంటే ప్రజాతి. మెరియానే అనేది పేరు, అంటే జాతి. మీ పెరట్లో తిరిగేదానికి మెరియానే అన్న పేరు 1839లో డ్యూమెరిల్, బిబ్రాన్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు పెట్టారు. అప్పుడు దాని ఇంటిపేరు సాల్వేటరే. ఆ తర్వాత వచ్చినవాళ్ళు, అంతకన్నా పాతదైన టుపినాంబిస్ ప్రజాతిలోకే ఇవన్నీ వస్తాయని అందులో కలిపేశారు. మళ్ళీ 2012లో హార్వే, ఇంకో ఇద్దరు కలిసి ఆ కుటుంబం మొత్తాన్ని పొలుసులతో సహా ఒంటి లక్షణాలన్నీ లెక్కపెట్టి పరిశీలించారు. దక్షిణ అమెరికాలోనే దక్షిణాన ఉండే తేగులు వేరే గుంపని తేల్చి, మూలన పడి ఉన్న సాల్వేటర్ పేరుని దుమ్ము దులిపి వాటికిచ్చారు.

దత్తత వెళ్ళిన పిల్లాడు మళ్ళీ పుట్టింటి ఇంటిపేరుకి వచ్చాడన్నమాట.

కోడ్_కిష్టయ్య
మాస్టారూ, ఇంటిపేరు పోలిక అదిరింది. ఇంగ్లీషువాళ్ళకి చెప్పాలంటే తలకిందులుగా చెప్పుకోవాలి.

బల్లిశాస్త్రి
దత్తత అన్నారు కాబట్టి ఇంకో ముక్క. పేరు చివర పెట్టినవాళ్ళ పేరూ సంవత్సరమూ రాస్తారు కదా, వాటికి బ్రాకెట్లు ఉన్నాయో లేదో చూడండి. బ్రాకెట్లు ఉంటే ఈ జంతువు ఇప్పుడు పుట్టినింటి పేరుతో లేదని అర్థం. టుపినాంబిస్ మెరియానే అన్న రోజుల్లో (డ్యూమెరిల్, బిబ్రాన్, 1839) అని బ్రాకెట్లలో రాసేవాళ్ళు. సాల్వేటర్‌కి తిరిగొచ్చాక బ్రాకెట్లు తీసేశారు. అదే ఎర్ర తేగు చూడండి, సాల్వేటర్ రూఫెసెన్స్ (గుంథర్, 1871). గుంథర్ దాన్ని టేయస్ అనే ఇంకో ఇంట్లో పుట్టించాడు, అందుకే బ్రాకెట్లు అలాగే ఉన్నాయి.

ఆ రెండు గీతల వెనక ఇంత కథ ఉందని పిల్లలకి ఎవరూ చెప్పరు.

లక్ష్మీ_డల్లాస్
నాకూ ఎవరూ చెప్పలేదు. ఎమ్మెస్సీ బోటనీ చేశాను 🙂

టాంపా_శ్రీను
రెండు పేర్ల సంగతి తెలిసింది. మరి ఆ మూడోది? టెగుయిక్సిన్? అక్కడ ఇంటిపేరు కాదు, పేరే మారిపోయింది కదా.

పాత_జువాలజీ
అదే అసలు తిరకాసు. లిన్నేయస్ 1758లో "లాసెర్టా టెగుయిక్సిన్" అని ఒక బల్లికి పేరు పెట్టాడు. తర్వాతి వాళ్ళు అదేదో దక్షిణాన ఉండే నలుపు తెలుపు తేగు అనుకున్నారు. ఉత్తరాన అమెజాన్ వైపు ఉండే పసుపు నలుపు దాన్ని "నైగ్రోపంక్టాటస్" అన్నారు. ఆ పేరు 1825లో స్పిక్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త పెట్టింది. పుస్తకాలన్నీ దశాబ్దాల పాటు అలాగే నడిచాయి. 1995లో అవిలా పిరెస్ అనే బ్రెజిల్ శాస్త్రవేత్త అమెజాన్ బల్లుల మీద పెద్ద గ్రంథం రాస్తూ లిన్నేయస్ చూసిన నమూనా సంగతి తవ్వి తీశారు. చూస్తే అది ఉత్తరాది పసుపు తేగు!

దాంతో టెగుయిక్సిన్ అన్న పేరు ఉత్తరాది దానికి వెళ్ళిపోయింది. పాతది ముందు కాబట్టి నైగ్రోపంక్టాటస్ పక్కకి తప్పుకుంది. ఇన్నాళ్ళూ టెగుయిక్సిన్ పేరు మీద బతికిన నలుపు తెలుపు దానికి పేరే లేకుండా పోయింది. తర్వాతి పాత పేరు ఏముందా అని వెతికితే 1839 నాటి మెరియానే దొరికింది.

మీ పుస్తకం 1980ల నాటిది కాబట్టి టెగుయిక్సిన్ అని ఉంది. లైబ్రరీ పుస్తకం 1995కీ 2012కీ మధ్యది అయి ఉండాలి. అచ్చు సంవత్సరం చూసి చెప్పండి.

టాంపా_శ్రీను
ఇప్పుడే చూశాను. 2004. మాస్టారూ, దండం.

గోదారి_గట్టు
అంటే ఒకాయన రేషన్ కార్డు మీద ఇంకొకాయన ఇన్నేళ్ళు బియ్యం తీసుకున్నాడన్నమాట. వెరిఫికేషన్‌లో బయటపడింది.

మిర్చిబజ్జి99
కార్డు క్యాన్సిల్ అయ్యాక కొత్తదానికి అప్లై చేస్తే ముత్తాత పేరు మీద పాతది బయటపడిందా 😂

పాముల_సుబ్బు
ఎవరేమన్నా నాకు ఈ పేర్లు మార్చే పని దండగ అనిపిస్తుంది. జంతువు మారలేదు కదా? పేపర్లు అచ్చు వేసుకోవడానికి కాకపోతే దేనికి? పాములు పట్టే మాలాంటి వాళ్ళకి ఐదేళ్ళకోసారి పేర్లు మార్చుకుంటూ పోతే చార్టులు మార్చే ఖర్చు ఎవడిస్తాడు? నాకింకా టుపినాంబిసే.

బల్లిశాస్త్రి
సుబ్బన్నా, సరదాకి మార్చింది కాదు. 2012 కంటే ముందే, 1999లో మైటోకాండ్రియా డీఎన్‌ఏ చూసినప్పుడే ఉత్తరాది తేగులు ఒక గుంపుగా, దక్షిణాదివి ఇంకో గుంపుగా విడిపోయి కనిపించాయి. ఒకేలా కనిపిస్తున్నాయని రెండు కుటుంబాలకి ఒకే ఇంటిపేరు ఉంచేస్తే ఎలా?

పైగా నీ కళ్ళతో నువ్వే చూడొచ్చు. కంటికీ ముక్కు రంధ్రానికీ మధ్య పొలుసులు లెక్కపెట్టు. సాల్వేటర్ అయితే రెండు ఉంటాయి. టుపినాంబిస్ అయితే ఒకటే పెద్దది. ల్యాబ్ అక్కర్లేదు, ఫోన్ కెమెరా చాలు.

పాముల_సుబ్బు
దవడ దగ్గరకి ఫోన్ పెట్టే ధైర్యం ఉండాలి ముందు. పొలుసు సంగతి మాత్రం బాగుంది, ఒప్పుకుంటా.

కోడ్_కిష్టయ్య
సుబ్బన్న బాధ నాకు తెలుసు. పాత కోడ్‌లో ఎవడో ఒకే వేరియబుల్‌కి రెండు పనులు అప్పజెప్పి వెళ్ళిపోతాడు. పదేళ్ళ తర్వాత పేరు మారిస్తే పది చోట్ల పగులుతుంది. అలాగని మార్చకపోతే పదకొండో చోట పగులుతుంది. వీళ్ళు నయం, పాత పేర్లన్నీ పర్యాయనామాలుగా రాసి ఉంచుతారట. మా ఆఫీసులో అదీ ఉండదు.

నల్లమల_నవీన్
ఈ పొలుసు లెక్క వల్ల మా తమ్ముడు బతికిపోయాడు. హైదరాబాద్‌లో ఎవడో "బ్లూ తేగు, అరుదైన జాతి" అని వాడికి భారీ రేటుకి అమ్మబోయాడు. ఇచ్చిన కాగితం మీద ఏముందో తెలుసా? టుపినాంబిస్ టెగుయిక్సిన్. ఫొటోలో చూస్తే కంటి ముందు స్పష్టంగా రెండు పొలుసులు. అంటే కాగితం ఒక జాతిది, జంతువు ఇంకో జాతిది. అసలు బ్లూ తేగు అనే జాతే లేదు. మెరియానేలోనే రంగు తేడాగా వచ్చినవాటికి వ్యాపారులు పెట్టుకున్న ముద్దుపేరు అది. తేగులన్నీ సైటిస్, అంటే వన్యప్రాణుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం, దాని రెండో అనుబంధంలో 1977 నుంచీ ఉన్నాయి. మన దగ్గర 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించాక ఇలాంటి విదేశీ జంతువుల్ని పెంచాలంటే రిజిస్టర్ చేసుకోవాలి. తప్పు పేరుతో కాగితం ఉంటే రేపు ఫారెస్టు వాళ్ళొచ్చినప్పుడు ఏం చెబుతాడు? సుబ్బన్నా, పేరుకి ఖర్చు ఎక్కడుందో చూశావా!

పాముల_సుబ్బు
చూశా చూశా. చార్టు మార్పిస్తాలే.

గోదారి_గట్టు
రెండో అనుబంధంలోకి ఎందుకెక్కింది? పెంపకానికి పట్టుకుపోతున్నారనా?

నల్లమల_నవీన్
తోలు కోసం. 1980లలో అర్జెంటీనా, పరాగ్వేల నుంచి ఏటా పది లక్షల పైచిలుకు తేగు తోళ్ళు బయటికి పోయేవి. చాలావరకు అమెరికాలో కౌబాయ్ బూట్లయ్యాయి. అంత తీసినా అంతరించకుండా ఎలా తట్టుకుందంటే, ఆడది ఒక్క విడతలో ముప్పై గుడ్ల దాకా పెడుతుంది, గూడు దగ్గరే ఉండి కాపలా కాస్తుంది.

లక్ష్మీ_డల్లాస్
మా డల్లాస్‌లో షాపుల్లో "తేగు లిజర్డ్ బూట్స్" అని బోర్డు చూశాను. ఏదో బ్రాండు పేరు అనుకున్నానండీ ఇన్నాళ్ళూ!

బల్లిశాస్త్రి
ఈ చర్చ ఉడుముతో మొదలైంది కదా. శ్రీను వాళ్ళ నాన్నగారిని మీరంతా తొందరపడి కొట్టిపారేశారు. ఆయన పక్షాన నేనొక సాక్ష్యం తెచ్చాను.

మన ఊళ్ళ ఉడుము ఉందే, ఇప్పుడు వారానస్ బెంగాలెన్సిస్ అంటున్నాం. దానికి శాస్త్రీయ నామం పెట్టింది డౌడిన్ అనే ఫ్రెంచాయన, 1802లో. ఆయన పెట్టిన పేరు "టుపినాంబిస్ బెంగాలెన్సిస్". తేగులూ ఉడుములూ అన్నీ ఒకటే అనుకుని ఆయన టుపినాంబిస్‌లో పోసేశాడు. తర్వాత ఉడుముల్ని విడదీశారు. అంటే 1802 లెక్కన నాన్నగారిది నూటికి నూరు మార్కులు.

మిర్చిబజ్జి99
నేను మొదటి పోస్టులోనే చెప్పాను. టాపిక్ క్లోజ్ అన్నాను. ఎవరైనా విన్నారా?

పాత_జువాలజీ
శాస్త్రిగారూ, ఈ సంగతి నాకు తట్టనే లేదు. బాగా గుర్తు చేశారు. అసలు ఆ టుపినాంబిస్ అన్న పేరే ఒక పొరపాటు. అది బల్లి పేరు కాదు, మనుషుల పేరు. బ్రెజిల్ తీరంలో టుపినాంబా అనే ఆదివాసులు ఉండేవాళ్ళు. 1648 నాటి గ్రంథంలో మార్క్‌గ్రేవ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ బల్లి గురించి రాస్తూ, దీన్ని తేయుగ్వాసు అంటారు, టుపినాంబాలు తెమపర అంటారు అనే అర్థంలో లాటిన్‌లో "తెమపర టుపినాంబిస్" అన్నాడు. తర్వాత సెబా అనే ఆయన ఆ రెండో మాటే బల్లి పేరనుకున్నాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ ఎక్కించారు. ఇదంతా కువియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఎత్తి చూపించేసరికే పేరు పాతుకుపోయింది.

"దీన్ని తెలుగువాళ్ళు తొండ అంటారు" అని రాస్తే, అది చదివి ఆ జంతువుకి "తెలుగువాళ్ళు" అని పేరు పెట్టినట్టు.

గోదారి_గట్టు
తొండ అసలు పేరు కెలోటిస్ వెర్సికలర్, ఇకపై తెలుగువాళ్ళు వెర్సికలర్ 😂😂 మా మామయ్యకి సరిగ్గా సరిపోతుంది.

కోడ్_కిష్టయ్య
తప్పని తెలిశాక మార్చొచ్చు కదా మాస్టారూ?

పాత_జువాలజీ
అలా మార్చడానికి నియమాలు ఒప్పుకోవు బాబూ. పేరుకి అర్థం సరిపోవాలని లేదు. ముందు పెట్టిందా, పద్ధతి ప్రకారం అచ్చైందా, అంతే. అందమైన అర్థం కోసం మార్చుకుంటూ పోతే ఎవడికి నచ్చిన పేరు వాడు పెడతాడు. మన ఊళ్ళో బక్కోడిని భీముడు అని పిలవమూ?

లక్ష్మీ_డల్లాస్
సాల్వేటర్ అంటే రక్షకుడు అనే కదా? బల్లి ఎవరిని రక్షించిందట?

బల్లిశాస్త్రి
ఫ్రెంచిలో తేగుని "సోవ్‌గార్డ్" అనేవారు, అంటే కాపలాదారు. మొసలి వస్తుంటే ఈలవేసి మనుషుల్ని హెచ్చరిస్తుందని ఒక నమ్మకం. ఉడుముల మీదా అదే కథ ఉంది, ఇంగ్లీషులో మానిటర్ అన్నదీ అందుకేనంటారు. అరబీలో బల్లిని "వరల్" అంటారు, వారానస్ అక్కణ్ణుంచి వచ్చింది. అది యూరప్ వాళ్ళ చెవిన పడి "వార్నింగ్" లాంటి మాట అనుకుని కథ అల్లారని ఒక వాదన. నీటి ఉడుముని వారానస్ సాల్వేటర్ అంటారు, చూడండి అక్కడా రక్షకుడే. కాకపోతే అక్కడ అది పేరు, ఇక్కడ ఇంటిపేరు.

నల్లమల_నవీన్
మొసలి గుడ్లు తవ్వి తినే జంతువుకి మొసలి నుంచి కాపాడేవాడని పేరు. ఫ్లోరిడాలో ఇవి చేసే పనే అది. ఎలిగేటర్ గుడ్లు, తాబేలు పిల్లలు, ఏది దొరికితే అది. గోఫర్ తాబేళ్ళ బొరియల్లోకి దూరి చలికాలమంతా పడుకుంటాయి కూడా.

పాముల_సుబ్బు
ఒకరి ఇంట్లో దూరి వాళ్ళ పిల్లల్నే తినేవాడికి రక్షకుడని పేరు. ఎన్నికల్లో నిలబడొచ్చు.

అడ్మిన్
రాజకీయాలు వద్దు. ఇంతకుముందు తేగు వేపుడు గురించి వచ్చిన రెండు పోస్టులు తీసేశాను.

మిర్చిబజ్జి99
కారం తక్కువ వేశానని తీసేశారా?

లక్ష్మీ_డల్లాస్
మెరియానే అంటే ఎవరో చెప్పలేదు ఇంకా. ఇది నాకు తెలుసు, నేను చెబుతాను! మరియా సిబిల్లా మెరియన్, చిత్రకారిణి. 1699లో, యాభై రెండేళ్ళ వయసులో, చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని ఆమ్‌స్టర్‌డామ్ నుంచి సురినామ్ వెళ్ళింది. పురుగులు సీతాకోకచిలుకలుగా మారడం దగ్గరుండి చూసి బొమ్మలు వేయడానికి. రెండేళ్ళుండి వచ్చి 1705లో పుస్తకం వేసింది. మాకు బోటనీలో ఆవిడ బొమ్మలు చూపించేవాళ్ళు. ఒకదాంట్లో కర్రపెండలం కొమ్మ, దాని మీద సీతాకోకచిలుక, గొంగళిపురుగు, కింద ఒక తేగు పిల్ల. ఆకుల మీద పురుగు కొరికిన చిల్లులతో సహా వేసింది. అప్పటిదాకా ఆకుని అంత నిజంగా, చిల్లులు పడిపోయినట్టు ఎవరేశారు చెప్పండి. చివర "ఏ" వస్తే స్త్రీ గౌరవార్థం పెట్టారని గుర్తు. మగవాళ్ళకైతే చివర "ఐ" వస్తుంది.

పాత_జువాలజీ
అమ్మా, చాలా చక్కగా చెప్పావు. ఇంకొక్క విచిత్రం. ఆవిడ తిరిగింది సురినామ్. అక్కడుండేది ఉత్తరాది పసుపు తేగు. ఆవిడ పేరు మాత్రం సురినామ్‌లో లేని, ఎక్కడో అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్ వైపు ఉండే నలుపు తెలుపు దానికి వెళ్ళింది. చూసి బొమ్మ వేసిన బల్లికి ఆవిడ పేరు లేదు. పేరున్న బల్లిని ఆవిడ ఆ ప్రయాణంలో చూసే వీలే లేదు.

లక్ష్మీ_డల్లాస్
అయ్యో.

గోదారి_గట్టు
ఆ పసుపుదైనా ఇప్పుడు స్థిరంగా ఉందా, దానికీ మళ్ళీ పేరు మార్చారా?

బల్లిశాస్త్రి
మార్చారు మరి. 2016లో మర్ఫీ, మరికొందరు కలిసి టెగుయిక్సిన్ అనుకున్నదాంట్లోంచే ఇంకో మూడింటిని బయటికి లాగారు. క్రిప్టస్, జులియెన్సిస్, కుజ్కోయెన్సిస్. క్రిప్టస్ అంటే దాగినది. టెగుయిక్సిన్ తిరిగే చోటే తిరుగుతూ ఇన్నాళ్ళూ ఎవరికీ దొరక్కుండా ఉంది.

పాముల_సుబ్బు
ఇప్పుడే చార్టు ఆర్డర్ ఇచ్చొచ్చాను.

కోడ్_కిష్టయ్య
😂😂😂

లక్ష్మీ_డల్లాస్
బోటనీ వాళ్ళ తరఫున ఒకటి. తేగులకి దగ్గర చుట్టం కైమన్ బల్లి, దాని ప్రజాతి పేరు డ్రసీనా. మన ఇళ్ళల్లో గాజు గ్లాసులో నీళ్ళు పోసి పెట్టుకునే లక్కీ బాంబూ ఉంది కదా, అది వెదురు కాదు, దాని ప్రజాతి పేరు కూడా డ్రసీనాయే. జంతువుల పేర్లకి ఒక నియమావళి, మొక్కలకి ఇంకొకటి కాబట్టి గొడవ లేదు. మా హాల్లో టీవీ పక్కన ఉన్న డ్రసీనా మాత్రం ఎవరినీ కరవదు.

నల్లమల_నవీన్
శ్రీనుగారూ, పేర్ల సంగతి పక్కన పెడితే, ఆ జంతువుని ఏం చేస్తున్నారు? ఫ్లోరిడాలో 2021 నుంచి తేగులు నిషేధిత జాబితాలో ఉన్నాయి. మీ జిల్లాలోనే అడవిలో స్థిరపడిన గుంపు ఉంది. ఫొటో తీసి వన్యప్రాణి శాఖ వాళ్ళకి చెప్పాలి. చలి వస్తే పోతుందిలే అనుకోకండి. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, జత కట్టే కాలంలో ఇది తన ఒంటి వేడిని బొరియ గాలి కంటే పది డిగ్రీల దాకా పైన ఉంచుకుంటుందని తేలింది. బల్లుల్లో అది మామూలు విషయం కాదు. ఇప్పుడు ఇవి జార్జియాలో కూడా పాకుతున్నాయి.

మిర్చిబజ్జి99
పాకడం కరెక్ట్ మాట.

టాంపా_శ్రీను
రిపోర్టు చేశాను నవీన్‌గారూ. నిన్న ఒకాయన వచ్చి పంజరం బోను పెట్టి వెళ్ళారు. లోపల కోడిగుడ్డు. ఈలోగా ఒక దగ్గర ఫొటో దొరికింది. అమ్మాయి దాన్ని పెద్దది చేసి కంటి ముందు పొలుసులు పెన్సిలుతో గీసింది. రెండు! సాల్వేటరే. ప్రాజెక్టు అట్టకి ఇంకో కాగితం అంటించి మూడు పేర్లూ వరసగా రాసింది. 1995 దాకా ఇది, 2012 దాకా ఇది, ఇప్పుడు ఇది అని. టీచరు చదివి ఒక మార్కు తిరిగి ఇచ్చారు.

పాముల_సుబ్బు
ఇంకో మార్కు?

టాంపా_శ్రీను
పేర్లు వంకర అక్షరాల్లో, అంటే ఇటాలిక్స్‌లో, రాయలేదట.

పాత_జువాలజీ
అది మాత్రం టీచరుదే న్యాయం. చేత్తో రాస్తే కనీసం కింద గీత గీయాలి. ప్రజాతి మొదటి అక్షరం పెద్దది, జాతిది చిన్నది.

కోడ్_కిష్టయ్య
మాస్టారు రిటైరైనా మార్కులు తీయడం మానలేదు.

గోదారి_గట్టు
బోనులో పడిందా మరి?

టాంపా_శ్రీను
నాలుగు రోజులైంది, పడలేదు. గుడ్డు వంక కూడా చూడట్లేదు. మా పెరట్లో షెడ్డు వెనక్కి వెళ్ళి కాసేపు ఉండి కంచె కింద నుంచి వెళ్ళిపోతోంది. నాన్న అయితే "అది ఉడుమురా, బోనుకి చిక్కదు, ఉడుముకి నడుం కట్టి కోటలెక్కారు" అని రోజూ అదే మాట.

నల్లమల_నవీన్
కోటలెక్కే సంగతేమో గానీ పెద్ద తేగు గోడ కూడా సరిగ్గా ఎక్కలేదు, నేల మీదే తిరుగుతుంది. అది చెప్పండి నాన్నగారికి. గుడ్డు మీద ఆశ లేదంటే ఇంకెక్కడో కడుపు నిండుతోందన్నమాట. పళ్ళు కూడా బాగా తింటాయి. దగ్గర్లో పండ్ల చెట్టేమైనా ఉందా?

టాంపా_శ్రీను
లేదండీ. ఆగండి, షెడ్డు వెనక ఒకసారి చూసొస్తా.

టాంపా_శ్రీను
షెడ్డు వెనక అరటి తొక్కలు. పదిహేనో ఇరవయ్యో. కొన్ని నల్లబడ్డాయి, రెండు ఈ రోజువి. పక్కనే మా అమ్మ వాడే స్టీలు గిన్నె, అందులో సగం నీళ్ళు.

మా ఇంట్లో మధ్యాహ్నం అందరూ పడుకున్నాక పెరట్లోకి వెళ్ళేది ఒక్కరే.

మిర్చిబజ్జి99
ఉడుముకి అరటిపండు పెడితే తినదని నాన్నగారికి తెలియదా? చూశారా, ఆయనకి మొదటి నుంచీ తేగు అనే తెలుసు.

టాంపా_శ్రీను
అడిగాను. "పేరేదైతేనేంరా, ఆకలి ఆకలే కదా" అన్నారు. బోను పెట్టినాయన రేపు వస్తాడు. ఇప్పుడు ఆయనకి ఈ గిన్నె సంగతి చెప్పాలా వద్దా?

నల్లమల_నవీన్
చెప్పండి. చెప్పి గుడ్డు తీయించి, ఆ అరటిపండే బోనులో పెట్టించండి. నాన్నగారిని మాత్రం ఆ పూట గుడికి తీసుకెళ్ళండి.